బోల్ట్ యాక్షన్ రైఫిల్ కొనేముందు: సీమ లైసెన్సుదారులు చూసుకోవాల్సినవి

లైసెన్సు చేతికొచ్చాక రైఫిల్ కోసం డీలరు దగ్గరికి వెళ్లేవాళ్లలో చాలామంది ముందుగా అడిగేది "ఏ కంపెనీది మంచిది?" అని. నన్నడిగితే అది ఆఖర్న అడగాల్సిన ప్రశ్న. కర్నూలు, అనంతపురం, కడప వైపు కొనేవాళ్లకు కంపెనీల ఎంపిక ఎటూ తక్కువే. ఎంచుకోవాల్సింది మీ ముందు బల్ల మీద పెట్టిన ఆ ఒక్క తుపాకిని. ఒకే ఫ్యాక్టరీలో పక్కపక్కన తయారైన రెండు రైఫిళ్లలో ఒకటి తరం దాటినా నమ్మకంగా పనిచేస్తుంది, ఇంకొకటి మొదటి నుంచీ ఇబ్బంది పెడుతుంది. ఆ తేడాను డబ్బు కట్టకముందే కనిపెట్టొచ్చు. దానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఒక టార్చి, కాస్త దూది, చుట్టి పెట్టిన గుడ్డ, తొందర లేని ఒక పూట చాలు.

ముందు, ఎందుకు కొంటున్నారో తేల్చుకోండి

దీన్ని వేట రైఫిల్ అంటారు గానీ, మన దేశంలో వేట లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తొమ్మిదో సెక్షన్ వేటను నిషేధించింది. జింకను కొడితే కేసు, అడవి పందిని కొట్టినా కేసే. 2022 సవరణ తర్వాత అడవి పంది ఆ చట్టంలోని రెండో షెడ్యూల్లో (జంతువుల జాబితాలో) ఉంది, కృష్ణజింక మొదటి షెడ్యూల్లో ఉంది. మొదటి షెడ్యూల్ జంతువును వేటాడితే కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్లు జైలు.

బుడ్డల చేను ఒక్క రాత్రిలో పందులు తవ్వి పోసిన రైతు కడుపుమంట నాకు తెలుసు. కాయ ఊరే సమయంలో కొండ పక్క పొలాల్లో మంచె వేసుకుని, డబ్బా వాయిస్తూ తెల్లార్లూ మేలుకునే వాళ్లను ఈ జిల్లాల్లో ఎక్కడైనా చూడొచ్చు. ఆ రైతుకు చట్టంలో ఒక దారి ఉంది. పదకొండో సెక్షన్ ప్రకారం, పంటకు నష్టం చేస్తున్న రెండో షెడ్యూల్ జంతువును చంపడానికి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారమిచ్చిన ఆఫీసరు గానీ కారణాలు రాసి, రాతపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చు. ఆ కాగితం లేకుండా చేతిలో లైసెన్సు రైఫిల్ ఉన్నంత మాత్రాన పందిని కాల్చే హక్కు రాదు. ముందు అటవీ శాఖ రేంజ్ ఆఫీసులో అర్జీ పెట్టండి, పంట నష్టం రాయించండి. కంచెకు కరెంటు పెట్టడం, నాటు బాంబులు పెట్టడం మాత్రం వద్దే వద్దు. పందికని పెట్టిన కరెంటు తీగ తెల్లవారుజామున నీళ్లు కట్టడానికి వచ్చిన మనిషిని చంపుతుంది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపల కొత్త తుపాకి లైసెన్సు ఇవ్వాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ముందస్తు సమ్మతి కావాలి. వన్యప్రాణి చట్టం 34వ సెక్షన్ ఇది. రోళ్లపాడు, గుండ్ల బ్రహ్మేశ్వరం, కలివికోడి ఉండే లంకమల చుట్టుపక్కల ఊళ్లవాళ్లు దరఖాస్తు పెట్టేముందే ఈ లెక్క చూసుకోవాలి. లేకపోతే ఫైలు ఎక్కడ ఆగిందో తెలియక ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

మరి రైఫిల్ ఎవరికి? ఊరికి దూరంగా తోటలో కాపురమున్నవాళ్లకు, ప్రాణభయం ఉన్నట్టు అధికారులను ఒప్పించగలిగినవాళ్లకు, పోటీల్లో కాల్చేవాళ్లకు, తండ్రి తాతల రైఫిల్ వారసత్వంగా వచ్చినవాళ్లకు. ఒట్టి కాపలా కోసమైతే నా సలహా పన్నెండు బోరు తుపాకే. 1959 ఆయుధాల చట్టం కూడా ఇరవై అంగుళాలకు తగ్గని గొట్టమున్న నున్న బోరు (లోపల మెలికల గాళ్లు లేని) తుపాకిని ఆత్మరక్షణకు గానీ, గొట్టం ముందు నుంచి మందు కూరే తుపాకిని పంట రక్షణకు గానీ అడిగితే లైసెన్సు ఇవ్వడం వైపే మొగ్గుతుంది. రైఫిల్ అడిగితే మాత్రం అది కావడానికి తగిన కారణం ఉందా అని చూస్తుంది. పైగా రైఫిల్ గుండు కిలోమీటరు దాటి పోతుంది. బయలు పొలాల్లో, పక్క చేలో ఇంకో రైతు పడుకుని ఉన్న చోట, అది చిన్న విషయం కాదు.

లైసెన్సులో ఏం రాశారో చదవండి

కలెక్టరేట్ నుంచి వచ్చిన లైసెన్సులో ఆయుధం రకం, బోరు (గొట్టం లోపలి కొలత), వాడకం ఏ ప్రాంతానికి చెల్లుతుంది, ఎన్ని తూటాలు కొనొచ్చు, ఎన్నాళ్లలోపు ఆయుధం కొనాలి అన్నీ ఉంటాయి. 2019 సవరణ తర్వాత లైసెన్సు గడువు ఐదేళ్లు, ఒక మనిషికి రెండు ఆయుధాలకు మించి ఉండకూడదు. 2016 నిబంధనల ప్రకారం ఆయుధం పట్టే శిక్షణ కూడా తీసుకోవాలి. దాన్ని సర్టిఫికెట్ కోసం చేసే పనిలా చూడకండి. బోల్టు (గొట్టాన్ని వెనక నుంచి మూసి తాళం వేసే కడ్డీ) తెరిచి, ఛాంబర్ (గొట్టంలో తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందో లేదో కంటితో చూసి, వేలితో తడిమే అలవాటు అక్కడే పడాలి.

తూటాను బట్టి రైఫిల్‌ను ఎంచుకోండి

రైఫిల్‌ను మీరు ఒక్కసారే కొంటారు, తూటాలు మాత్రం మళ్లీమళ్లీ కొనాల్సిందే. అందుకే మీకు దగ్గర్లో ఉన్న డీలరు ఏ తూటా ఎప్పుడూ ఉంచుతాడో ముందు కనుక్కోండి. ఆఖరి సారి సరుకు ఎప్పుడొచ్చిందో అడగండి. "తెప్పిస్తాం సార్" అన్న మాట మీద రైఫిల్ కొనొద్దు.

మన దగ్గర సాధారణంగా వినబడే బోర్లు మూడు.

పాయింట్ 315 అన్నింటికన్నా ఎక్కువగా కనబడేది. బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ పేరుతో పాత తరం వాళ్లందరికీ తెలుసు. ఈ తూటా ఒకప్పుడు ఆస్ట్రియా సైన్యం వాడిన 8 మిల్లీమీటర్ల మాన్లిచర్ తూటా. బ్రిటిష్ వాళ్ల కాలంలో సైన్యం వాడే 303 జనం చేతికి పోకూడదని అనుకోవడంతో ఇలాంటి వేరే బోర్లు ఇక్కడ నిలిచిపోయాయి. 303 ఇప్పటికీ నిషిద్ధ బోరే. 315 గుండు బరువు 244 గ్రెయిన్లు, అంటే దాదాపు 16 గ్రాములు. బరువైన గుండు, నెమ్మదిగా పోతుంది, దగ్గరి దూరాల్లో గట్టిగా తగులుతుంది. రైఫిల్ నిర్మాణం లీ ఎన్‌ఫీల్డ్ వరస. కాబట్టి ఆ పద్ధతి తెలిసిన రిపేరువాళ్లు దొరుకుతారు, విడిభాగాలూ దొరుకుతాయి. సీమలో మొదటి రైఫిల్ కొనేవాళ్లకు నేను చెప్పేది ఇదే.

థర్టీ నాట్ సిక్స్ 1906 నాటి అమెరికా తూటా. వేగం ఎక్కువ, పీడనం ఎక్కువ, గుండు పోయే దూరమూ ఎక్కువ. తన్నుడు కూడా గట్టిగానే ఉంటుంది. వంద మీటర్లు దాటి కాల్చాల్సిన పని మీకు లేకపోతే దీనివల్ల ఒరిగేదేమీ లేదు.

పాయింట్ 22 సాధనకు, పోటీలకు. చిన్న తూటా కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. దాని గుండు కూడా కిలోమీటరు దాటి పోగలదు.

విదేశీ పాత రైఫిళ్లు, మౌజర్ 98 తరహావి, వారసత్వంగా కొన్ని ఇళ్లలో ఉన్నాయి. 1980ల నుంచి మామూలు పౌరులు దిగుమతి చేసుకునే వీలు లేకపోవడంతో వాటి ధర ఆకాశాన్నంటింది. నిర్మాణం గొప్పది, కాదనను. బోల్టు ముందు భాగంలో రెండు బలమైన గుబ్బలు తూటాకు ఆనుకుని తాళం పడతాయి, పెద్ద గోరులాంటి ఎక్స్‌ట్రాక్టర్ తూటాను మ్యాగజైన్ నుంచి లేస్తుండగానే పట్టుకుంటుంది. కానీ దాని తూటా మీ జిల్లాలో దొరక్కపోతే ఆ గొప్పతనం మీకు అక్కరకు రాదు.

బల్ల మీద పెట్టి పరీక్షించండి

రైఫిల్ చేతికివ్వగానే గొట్టం మనుషులు లేని వైపు పెట్టి, మ్యాగజైన్ తీసి, బోల్టు తెరిచి, ఛాంబర్ ఖాళీ అని చూసి, చిటికెన వేలు పెట్టి తడమండి. డీలరు "ఖాళీనే సార్" అన్నా సరే. ఆ మాటకు నొచ్చుకునే డీలరు దగ్గర కొనకండి.

తర్వాత బోల్టు బయటికి తీయమనండి. బోల్టు మీద నంబరు, రైఫిల్ మీద నంబరు ఒకటేనా? వేరైతే వేరే తుపాకి బోల్టు తెచ్చి పెట్టారన్నమాట. అది వెంటనే ప్రమాదమని కాదు. కానీ హెడ్‌స్పేస్ కొలిపించకుండా దాన్ని కాల్చకూడదు. హెడ్‌స్పేస్ అంటే బోల్టు మూసుకున్నాక బోల్టు ముఖం నుంచి, తూటా ఇంక ముందుకు పోకుండా ఛాంబర్లో ఆగే చోటు దాకా ఉండే దూరం. అది ఎక్కువైతే కాల్చినప్పుడు ఇత్తడి తొడుగు వెనక్కి సాగుతుంది, ఒకరోజు అడుగు తెగి వేడి గ్యాసు మీ ముఖం మీదికి వస్తుంది. దీన్ని గేజీతో గన్‌స్మిత్ కొలవాలి, కంటితో చెప్పలేం. మీరు చేయగలిగిన పని ఒకటుంది. ఆ రైఫిల్లో కాల్చిన ఖాళీ తొడుగు ఒకటి అడిగి తీసుకోండి. అడుగు నుంచి కాస్త పైన మెరుస్తున్న గీత చుట్టూ ఉందేమో చూడండి. సన్నటి తీగ కొన వంచి తొడుగు లోపలికి దింపి, పక్క గోడ వెంబడి పైకి లాగండి. అదే చోట తీగ గాడిలో పడినట్టు తట్టుకుంటే ఆ రైఫిల్‌ను బల్ల మీదే వదిలేయండి.

బోల్టు ముఖం చూడండి. ఫైరింగ్ పిన్ వచ్చే రంధ్రం చుట్టూ చిన్న చిన్న గుంటలు వలయంలా తిన్నట్టుంటే ప్రైమర్ల (తూటా అడుగున ఉండి మందును అంటించే చిన్న బిళ్లల) నుంచి గ్యాసు కారిన గుర్తు. పిన్ కొన గుండ్రంగా ఉండాలి, విరిగినట్టు పదునుగా ఉండకూడదు. తాళం పడే గుబ్బల మీద ఒకవైపే రాపిడి మెరుపు ఉంటే బరువంతా ఒక గుబ్బే మోస్తోందన్నమాట.

ఇప్పుడు గొట్టం. నూనె రాసిన గొట్టం ఎంత పాడైనదైనా తళతళలాడుతుంది. కాబట్టి ముందు పొడి గుడ్డ రెండుసార్లు దూర్చి తుడవమనండి. తర్వాత వెనక వైపు టార్చి వేసి ముందు నుంచి, మళ్లీ ముందు వైపు వేసి వెనక నుంచి చూడండి. మెలికల గాళ్లు చివరిదాకా పదునుగా, ఒకే తీరుగా కనబడాలి. మధ్యలో ఎక్కడైనా నల్లటి ఉంగరంలా నీడ పడితే అక్కడ గొట్టం ఉబ్బింది. గొట్టంలో ఏదో అడ్డు ఉండగా ఎవరో కాల్చారు. బయటి నుంచి అదే చోట వేళ్లతో నిమిరితే ఉబ్బు తెలుస్తుంది కూడా. అలాంటిది ఫ్రీగా ఇచ్చినా వద్దు. చిన్నపాటి తుప్పు మచ్చలు గొట్టం మధ్యలో ఉంటే బతకొచ్చు. ఛాంబర్లో ఉంటే తొడుగు ఇరుక్కుంటుంది. గొట్టం చివర ఉంటే గురి తప్పుతుంది. ఆ చివరి అంచును దూదితో చుట్టూ తుడవండి. దూది పోగు ఎక్కడైనా పట్టుకుంటే అక్కడ అంచు చిట్లింది. గుండు గొట్టాన్ని వదిలే ఆఖరి క్షణంలో వెనకున్న గ్యాసు ఒకవైపు నుంచి ముందు జారిపోతే, వెనక ఎంత మంచి పనితనం ఉన్నా గురి కుదరదు.

బోల్టు మళ్లీ ఎక్కించి ఆడించండి. 315లో బోల్టు ముందుకు తోసేటప్పుడు చివర్లో స్ప్రింగు బిగువు తగులుతుంది. కొత్తవాళ్లు దాన్ని బిరుసు అనుకుంటారు. ఆ వరస రైఫిళ్లు మూసేటప్పుడు కాక్ అవుతాయి (పిన్ స్ప్రింగు బిగుసుకుని పేలడానికి సిద్ధమవుతుంది), మౌజర్ వరసవి పిడి పైకెత్తేటప్పుడు అవుతాయి. రెండూ సరైనవే. బరబరమని ఇసుక రాచినట్టు తగిలితే, పిడి ఒకచోట పట్టి పట్టి కదిలితే మాత్రం కారణం అడగండి.

సేఫ్టీ పరీక్ష ఖాళీ రైఫిల్ మీద ఇలా చేయండి. కాక్ చేసి, సేఫ్టీ వేసి, ట్రిగ్గర్ గట్టిగా నొక్కి వదిలేయండి. తర్వాత ట్రిగ్గర్ ముట్టకుండా సేఫ్టీ తీయండి. అప్పుడు "టక్" మని పిన్ పడితే ఆ సేఫ్టీ పేరుకే ఉంది. మళ్లీ కాక్ చేసి, సేఫ్టీ తీసేసి, మడతపెట్టిన గుడ్డ మీద బట్ వైపు ఒకటి రెండుసార్లు తట్టండి. బోల్టును కాస్త విసురుగా మూసి చూడండి. ఎప్పుడు పిన్ పడినా ఆ రైఫిల్ వద్దు. ట్రిగ్గర్ తేలిగ్గా ఉందని మురిసిపోయే వాళ్లున్నారు. కాపలాకు తిరిగే మనిషి చేతిలో అతి తేలిక ట్రిగ్గర్ ప్రమాదం. గరుకు లేకుండా, కాస్త బరువుగా ఉంటేనే మంచిది.

డమ్మీ (మందు లేని) తూటాలు ఐదు మ్యాగజైన్‌లో పెట్టి ఒక్కొక్కటే ఎక్కించి, బయటికి తీయండి. నెమ్మదిగా ఒకసారి, వడిగా ఒకసారి. నెమ్మదిగా లాగినప్పుడు కూడా తూటా కింద జారకుండా బయట పడాలి. ఇరుక్కుంటే చాలాసార్లు తప్పు రైఫిల్‌ది కాదు, వంగిన మ్యాగజైన్ పెదవులది. వేరే మ్యాగజైన్ అడిగి చూడండి. 315కు 303 తూటా సరిపోతుందా అని ఎవరైనా పెట్టి చూస్తే వెంటనే ఆపండి. తూటా అడుగున ఉన్న రాత, గొట్టం మీద చెక్కిన బోరు ఒకటైతేనే పెట్టాలి.

ఇక కర్ర. బోల్టు వెనక, మెడ దగ్గర సన్నటి నిలువు పగుళ్లు చూడండి. మన ఎండకు కర్నూలులో, అనంతపురంలో చెక్క ఎండి ముడుచుకుంటుంది, స్క్రూలు వదులవుతాయి. స్క్రూ తలలు చెదిరి ఉంటే ఎవరో సరైన స్క్రూడ్రైవర్ లేకుండా విప్పారన్నమాట. లోపల ఏం గెలికారో గన్‌స్మిత్‌ను చూడమనండి.

మీ ఒంటికి కుదరాలి, గురి కుదరాలి

కళ్లు మూసుకుని రైఫిల్ భుజానికి ఎత్తి, చెంప ఆనించి, కళ్లు తెరవండి. సైట్లు మీ కంటికి ఎదురుగా ఉండాలి. మెడ చాచాల్సి వచ్చినా, బొటనవేలు ముక్కుకు తగిలేంత దగ్గరైనా బట్ పొడవు మీకు కుదరలేదు. దీన్ని తగ్గించడం, రబ్బరు ప్యాడ్ వేయించడం తేలికైన పనే.

తర్వాత లైసెన్సున్న షూటింగ్ రేంజిలో కాల్చి చూడండి. పొలంలో, చెట్టు మీద, రాయి మీద పరీక్ష వద్దు. రాయికి తగిలిన గుండు ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. 100 మీటర్ల దూరంలో ఆనుకుని, గొట్టం చల్లారనిచ్చి, మూడు గుండ్లు. మామూలు సైట్లున్న 315కు మూడూ ఒక అరచేతిలో పడితే నాకు చాలు. వాటిలో చల్లటి గొట్టం నుంచి వచ్చిన మొదటి గుండు ఎక్కడ పడిందో ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోండి. అవసరం వచ్చిన రోజు మీరు కాల్చేది ఆ గుండే.

పాతది కొంటుంటే

పాత రైఫిల్ మనిషి నుంచి మనిషికి చేతులు మారే వస్తువు కాదు. అమ్మేవాళ్లు జిల్లా మేజిస్ట్రేటుకు గానీ దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కు గానీ కొనేవాళ్ల పేరు, చిరునామాతో రాతపూర్వకంగా తెలపాలి. తెలిపాక 45 రోజులు గడవాలి. ఆలోగా "నీ దగ్గర పెట్టుకో అన్నా, కాగితాలు తర్వాత చూద్దాం" అన్న మాట విని ఇంటికి తెచ్చుకుంటే లైసెన్సు లేని ఆయుధం కింద కేసవుతుంది. తండ్రి చనిపోయాక ఇంట్లో మిగిలిన రైఫిల్ కూడా అంతే. ఆలస్యం చేయకుండా స్టేషన్‌లోనో, డీలరు దగ్గరో డిపాజిట్ చేసి, వారసత్వ లైసెన్సు వచ్చాకే తెచ్చుకోవాలి.

ఇంటికొచ్చాక

నల్లరేగడి దుమ్ము, నూనె కలిస్తే బంకలా పట్టేస్తుంది. అందుకని మన దగ్గర నూనె పలచగా, తడి కనబడీ కనబడనంత రాస్తే చాలు. ఎండాకాలం ముగిసి ముంగారు వానలు మొదలవగానే ఒకసారి పూర్తిగా విప్పి తుడవండి, స్క్రూలు బిగించండి. శుభ్రం చేసేటప్పుడు బోల్టు తీసి కడ్డీని వెనక నుంచే దూర్చండి. ముందు నుంచి దూరిస్తే చివరి అంచు అరిగిపోతుంది. రైఫిల్ ఒకచోట, తూటాలు ఇంకోచోట, రెండింటికీ తాళాలు. పెళ్లిలో, జాతరలో గాల్లోకి కాల్చమని ఎవరు అడిగినా వద్దనండి. 2019 సవరణతో దానికి రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

ఎన్నికలొచ్చినప్పుడల్లా మన జిల్లాల్లో లైసెన్సు ఆయుధాలు స్టేషన్‌లో డిపాజిట్ చేయమంటారు. మీ రైఫిల్ వారాల తరబడి అక్కడే గోడకు ఆనించి ఉంటుంది కాబట్టి ఇచ్చే ముందు గొట్టం లోపలా బయటా మామూలు కన్నా కాస్త ఎక్కువ నూనె రాసి, తూటాలు లెక్కపెట్టి, నంబరుతో సహా రశీదు తీసుకోండి. తిరిగి తీసుకునేటప్పుడు అక్కడే బోల్టు తెరిచి, టార్చి వేసి గొట్టం చూసి, కర్రకు దెబ్బలేమైనా తగిలాయేమో గమనించి, అప్పుడు సంతకం పెట్టండి. ఇంటికొచ్చాక ఆ నూనెంతా పొడి గుడ్డతో తుడిచేసే దాకా ఆ రైఫిల్‌లో తూటా పెట్టకండి.